ఒక్క గుల్ల కూడా అంటని రంగు

మా బావ చేతులు చూసి మా అమ్మ ఆ సంబంధం వద్దంది. గోళ్ళ సందుల్లో ఎరుపు, అరచేతి గీతల్లో ఎరుపు, మోచేతుల దాకా ఎర్రటి మరకలు. "మాంసం కొట్టువాడా ఏంటే?" అని నా చెవిలో గొణిగింది. కాదమ్మా, పడవలకి అడుగు రంగు వేస్తాడట అని చెబితే, "అయితే అన్నం ఆ చేతులతోనే తింటాడా?" అని ఇంకో సందేహం. మా అక్క మాత్రం ఆ చేతుల వంక చూసి, "కడిగితే పోతుందిలే" అంది. పోలేదు. బతికినన్నాళ్ళూ పోలేదు. ఆయన పోయిన రోజు ఒళ్ళు తుడుస్తూ కూడా అక్క ఆ వేళ్ళని సబ్బు పెట్టి రుద్దుతూనే ఉంది. నేనే చెయ్యి పట్టుకుని ఆపాల్సొచ్చింది.

అడుగు రంగంటే గోడకి వేసే రంగు లాంటిది కాదు. పడవ నీళ్ళలో కొన్నాళ్ళు నిలిచిందంటే దాని అడుగున గుల్లలు, నాచు, పురుగూ పుట్రా అన్నీ వచ్చి కాపురం పెట్టేస్తాయి. పడవ బరువెక్కుతుంది, కదలదు, డీజిలు మాత్రం బాగా తాగుతుంది. అందుకని మందు కలిపిన ఎర్రరంగు పూస్తారు. ఆ మందు కొంచెం కొంచెంగా నీళ్ళలోకి ఊరుతూ ఉంటుంది, ఏదీ దరి చేరదు. పాత రంగు గీకి పారేసి కొత్తది వెయ్యడం మా బావ పని. ఆ పనిలో ఆయన్ని మించినవాడు లేడు. ఈ మాట నేను చెప్పడం కాదు, ఆయనే రోజూ చెప్పుకునేవాడు. "నా రంగు మీద ఒక్క గుల్ల అంటిందంటే నా పేరు మార్చుకుంటా!" అని పడవల వాళ్ళ ముందు తొడ చరిచేవాడు.

"మార్చుకోవడానికి నీకు పేరెక్కడుంది బావా? అందరూ ఎర్రచేతులనే కదా పిలిచేది" అనేదాన్ని.

"నీ నోటికి ఒక కోటు వేస్తే గానీ ఈ వీధికి నిద్ర పట్టదే మరదలా" అనేవాడు. బ్రష్ పట్టుకుని నా వెంటపడేవాడు కూడా. ఓ చీర అలాగే పాడైంది. కొత్త చీర!

మా అక్క వ్యవహారం దీనికి సరిగ్గా ఎదురు. ఆయన గుల్లల్ని తరుముతాడు, ఈవిడ గుల్లల్ని సాకుతుంది. వాళ్ళింటి వెనక సముద్రం పాయ ఒకటి లోపలికొచ్చి ఆగిపోతుంది. అలల గోల ఉండదు. అక్కడ ప్లాస్టిక్ పీపాల మీద చెక్కలు బిగించి తెప్ప కట్టుకుంది. తెప్ప కింద తాళ్ళు వేలాడదీసి, వాటి మీద ఆల్చిప్పలు పెంచింది. దాన్ని తోట అనేది. పిల్లల్లేరు వాళ్ళకి. "నా తోటలోకి చెప్పుల్తో రాకు" అని నన్ను కసిరేది, అక్కడికి ఏదో నేను పూలమొక్కలు తొక్కేస్తున్నట్టు.

ఆల్చిప్పలకి మేత వెయ్యక్కర్లేదు. నీళ్ళలో ఉండి సన్నగా నోరు తెరుస్తాయి, నీళ్ళని లోపలికి లాక్కుంటాయి, అందులో ఉన్న నలుసుల్ని జల్లెడ పట్టి తింటాయి, తేటనీళ్ళు బయటికి వదిలేస్తాయి. పొద్దస్తమానం అదే పని. అక్క దగ్గర దీనికో బకెట్ ఉండేది. పెళ్ళయిన కొత్తలో బావ ఆ బకెట్ అడుగున తెల్ల రంగుతో ఒక పువ్వు వేసిచ్చాడు. ఇంటి గోడలకి వెయ్యగా మిగిలిన మామూలు రంగే. పువ్వట అది! అడ్డంగా కోసిన ఉల్లిపాయలా ఉండేది. అక్క ఆ బకెట్‌ని పాయలోని మడ్డి నీళ్ళతో నింపి, గుప్పెడు ఆల్చిప్పలు వేసేది. పువ్వు కనపడేది కాదు. కాసేపటికి చిప్పలు ఆ మడ్డినంతా తినేసేవి, నీళ్ళు తేరుకుని పువ్వు బయటపడేది. పువ్వు తొందరగా కనపడితే తోట బాగున్నట్టు.

పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు బావ పని అవతలి ఒడ్డున పెద్ద యార్డులో ఉండేది. చీకటితో లేచి వెళ్ళేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు. చల్లారిన క్యారేజీ ఎక్కడో ఒక పడవ కింద కూర్చుని తినేవాడు. "మా ఆయన మొహం వెలుతుర్లో ఎలా ఉంటుందే? నువ్వేమన్నా చూశావా?" అని అక్క నన్ను అడిగేది. నవ్వుతూనే అడిగేది గానీ, నవ్వయిపోయాక వాకిలి వైపు చూసేది.

తెప్ప పక్కనే పడవల్ని పైకి లాగే పాత సిమెంటు ర్యాంపు ఉంది. అక్కడ పడవలు బాగుచేసే ముసలాయన పని మానేసి కొడుకు దగ్గరికి పోయాడు. ఆ కబురు తెలియగానే అక్క బావని పట్టుకుంది. "ఇక్కడికి వచ్చెయ్యవయ్యా. నీ చేతి పని కావాలనుకున్నవాడు పడవేసుకుని వాడే వస్తాడు. మధ్యాహ్నం పూట వేడిగా నాలుగు ముద్దలు తిందువు" అంది. యార్డులో నీడుంది, ఇక్కడ ఎండ అని బావ నసిగాడు. అక్క మర్నాడే పోయి పాత తెరచాప గుడ్డ సంపాదించి, కర్రలు పాతించి పందిరి వేయించేసింది. రమ్మన్నది మా అక్కే. ఈ ముక్క మర్చిపోకండి.

అబ్బ, ఆ రోజులు! నాది కుట్టుమిషన్ పని. మధ్యాహ్నం కొట్టు మూసి నేనూ అక్కడికే చేరేదాన్ని. మా అక్క వంట మా వంట కంటే బాగుంటుంది, దాచుకోవడం ఎందుకు. తెప్ప మీద ముగ్గురం కూర్చునేవాళ్ళం. మధ్యలో బకెట్. బావ పళ్ళెం ముందు పెట్టుకుని, పువ్వు కనపడేదాకా ముద్ద ముట్టేవాడు కాదు. తొంగి చూసి చూసి, "పూసిందే, ఇక వడ్డించు!" అని కేకేసేవాడు. ఆకలికి నా ప్రాణం పోతుంటే వీళ్ళకి పువ్వు కావాలి! "చిప్పలు తిన్నాక గానీ మనం తినకూడదా? ఇదెక్కడి మర్యాద బావా?" అని తిట్టేదాన్ని. అక్క మూతి బిగించి నవ్వేది. ఆ ఒక్క పూట మా అక్క మొహం చూస్తే ముచ్చటేసేది.

తిన్నాక బావ లేచి ర్యాంపు మీదకి పోయేవాడు. గీకిన పాత రంగు ఎర్రటి పొడిలా రాలేది. పోటు వచ్చినప్పుడు నీళ్ళు ర్యాంపు ఎక్కి ఆ పొడినంతా శుభ్రంగా కడుక్కుపోయేవి. "ఊడ్చే పని కూడా లేదు, చూశావా ఎంత సుఖమో!" అని సంబరపడేవాడు.

కొన్నేళ్ళు గడిచాక పువ్వు ఆలస్యం చెయ్యడం మొదలెట్టింది. మొదట్లో ఎవరం పట్టించుకోలేదు. ఎండలెక్కువ, చిప్పలకి నీరసం అనుకున్నాం. పైగా అప్పుడే అక్కకి మంచి పేరొచ్చింది. ఈ వ్యాపారంలో ఒక మాటుంది. బిగుసుకున్న చిప్ప బతికుంది, నోరు తెరిచింది చచ్చింది. బుట్టలో పోసి అమ్మేటప్పుడు అది నిజమే. ఆ రోజుల్లో అక్క తాడు లాగితే చిప్పలన్నీ తాళం వేసినట్టు ఉండేవి. గుల్లలు కొనే ఆయన ఒకటి తీసి గోటితో తెరవబోయి, చేతకాక, "ఏం బిగువమ్మా! కత్తి కూడా దిగేలా లేదు" అని మెచ్చుకున్నాడు. అక్క పొంగిపోయింది. వాటిని నీళ్ళలోకి దింపాక కూడా అవి తెరుచుకోవడం లేదు. "సిగ్గరి పిల్లలు, అమ్మ చూస్తుంటే తినవు" అని మురిసిపోయింది. పిచ్చిది! బజారు లెక్కని తీసుకెళ్ళి నీళ్ళలో పెట్టింది. నీళ్ళలో ఉన్న చిప్ప నోరు మూసుకుందంటే అది పస్తులుంటోందని అర్థం. ఆ మాట ఇంత అనుభవమున్న మా అక్కకి తట్టలేదు, మాలో ఎవరికీ తట్టలేదు.

తర్వాత ఆ కొనే ఆయనే మొహం మాడ్చుకుని వచ్చాడు. "ఉడకబెడితే లోపల కండే లేదమ్మా. ఉత్త చిప్పలమ్ముతున్నావని నన్ను తిడుతున్నారు" అన్నాడు. ఆపైన తాళ్ళ మీంచి చిప్పలు వాటంతటవే జారి అడుగుకి పడిపోవడం మొదలైంది. తాడు పైకి లాగితే నాచు, తాడు, అంతే. అక్క అన్నం తగ్గించేసింది. తెల్లవారగానే తెప్ప మీదకి పోయి తాళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసుకునేది.

నీళ్ళ పరీక్షలు చేసే ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నెమ్మదస్తురాలు, పాపం. నీళ్ళు తీసుకుంది, ర్యాంపు కింద బురద తీసుకుంది, కొన్ని చిప్పలు తీసుకుంది. మళ్ళీ వచ్చిన రోజు బావ రంగు డబ్బాలు తేవడానికి వెళ్ళాడు. అక్కా నేనూ ఉన్నాం.

"అమ్మా, ఈ బురదనిండా పడవ రంగులో కలిపే రాగి మందుంది" అంది. "ఆల్చిప్పకి నోరు తెరిస్తేనే తిండి కదా. మందు తగలగానే మూసేసుకుంటుంది. మందు లోపలికి రాదు, తిండీ రాదు. ఆకలికి ఆగలేక తెరుస్తుంది, మళ్ళీ మందు. లోపల నీళ్ళు లాగే సన్నటి నూగు ఉంటుంది, అది మందగిస్తుంది. తాడుని పట్టుకోవడానికి చిప్ప తనే ఊరించుకునే దారాలకి బలం పోతుంది. ఒక్కసారిగా చంపదమ్మా. తిననివ్వదు."

అక్క ర్యాంపు వంక చూసింది. అక్కడ సగం గీకిన పడవ ఒకటుంది. దాని కింద ఎర్రటి పొడి, పక్కన బావ చెప్పులు.

"ఈ తెప్పని వేరే చోటికి మార్చుకోవచ్చా?" అని అడిగింది.

"అలలు లేని చోటు ఇదొక్కటేనమ్మా. మారితే ర్యాంపే మారాలి. మారినా బురద తేరుకోవడానికి కొన్నేళ్ళు పడుతుంది."

ఆ అమ్మాయి వెళ్ళగానే నేను లేచాను. "పద, బావతో చెబుదాం. మళ్ళీ యార్డుకి పొమ్మందాం" అన్నాను. అక్క నా చెయ్యి పట్టుకుని కూలేసింది.

"ఒక్క ముక్క నీ నోట్లోంచి వచ్చిందంటే నాకు చెల్లెలు లేదనుకుంటా."

"నీకేమన్నా పిచ్చెక్కిందా? నీ తోట పోతోందే!"

"పోనీ. తెలిస్తే ఆయన బ్రష్ పట్టుకుంటాడా? ఆ బ్రష్ తప్ప ఆయనకేం వచ్చే? నా చేత్తో నీ తోట చంపానని కుమిలిపోతాడు. ఇక్కడ కూర్చుని ముద్ద తింటాడా ఇంకెప్పుడన్నా?" అంది. "తాళ్ళు లేకపోయినా బతుకుతానే. ఆయన మళ్ళీ చీకటితో పోయి చీకటితో వస్తే నేను బతకలేను. నేనే కదే రమ్మన్నది."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నాకు మహా కోపమొచ్చింది, దాని మీద కాదు, దేని మీదో తెలీదు. ఒట్టేయించుకుంది. వేశాను.

మర్నాటి నుంచి బకెట్లో పువ్వు మళ్ళీ తొందరగా పూయడం మొదలెట్టింది. నేను ఆశ్చర్యపోయాను. బావ అయితే ఎగిరి గంతేశాడు. "చెప్పలా? ఎండల వల్లే! పూసిందే, వడ్డించు!" అన్నాడు. తర్వాత ఒకరోజు నేను పెందలాడే వెళ్ళేసరికి అక్క పెరట్లో కుళాయి కింద బకెట్ పెట్టి నింపుతోంది. నింపి, ఒక చెంచాడు మడ్డి కలిపింది. కలిపిన మడ్డి తనంతట తనే అడుగుకి దిగుతుంది కదా.

"అక్కా, ఇది కుళాయి నీళ్ళు కదే!"

"నోరు మూసుకుని పళ్ళేలు తీసుకురా."

ఆ నీళ్ళలో చిప్పలు బిగుసుకుని పడి ఉండేవి. బావ పువ్వు చూసేవాడు, చిప్పల్ని చూసేవాడు కాదు. హాయిగా తినేవాడు. అక్క ఆయన తినడం చూస్తూ కూర్చునేది. నాకు ముద్ద దిగేది కాదు. అంతకుముందు పువ్వు కోసం వాళ్ళని తిట్టిన నోరే నాది, ఇప్పుడు ఆ పువ్వు వంక చూడలేక మొహం తిప్పుకునేదాన్ని.

కొన్నాళ్ళకి అక్క, "ఓపిక లేదయ్యా, తోట తీసేస్తా. తెప్ప మీద ఊరికే కూర్చుందాం" అంది. బావ ఒప్పుకుంటేనా! "నీళ్ళలో చెయ్యి పెట్టకపోతే నువ్వు మనిషివేనా? పీపాలకి నాచు పట్టి తెప్ప బరువెక్కిపోయింది, అది లాగలేక నీకీ నీరసం. ఆ సంగతి నేను చూస్తాగా" అన్నాడు. ఏదో మాటవరసకి అన్నాడనుకున్నాం.

ఆ వారంలో నాకు జ్వరమొస్తే అక్క వచ్చి నా దగ్గర ఉంది. జ్వరం తగ్గాక ఇద్దరం కలిసి వాళ్ళింటికి వెళ్ళాం. బావ వాకిట్లోనే నిలబడి ఉన్నాడు, కొత్త పెళ్ళికొడుకులా ఇకిలిస్తూ. అక్క కళ్ళు రెండు చేతులతో మూసి పెరట్లోకి నడిపించాడు. తెప్పని ఒడ్డుకి లాగి, గీకి, పీపాలన్నిటికీ రంగు వేసి మళ్ళీ నీళ్ళలోకి దింపాడు. అడుగు రంగు. ఎర్రగా, నున్నగా, నీళ్ళలో మెరుస్తోంది. కొత్త తాళ్ళు కట్టాడు. ఎక్కణ్ణుంచో పిల్లచిప్పలు తెచ్చి వాటికి చుట్టాడు.

"పెద్ద పడవ కోసం దాచిన రంగే. నా దగ్గరున్నవాటిల్లో అదే మేలైంది" అన్నాడు. "ఎలా ఉంది?"

నేను నోరు తెరవబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుని నొక్కింది. గోళ్ళు దిగబడ్డాయి.

"బాగుందయ్యా. చాలా బాగుంది" అంది. నవ్వింది కూడా.

ఆ పిల్లచిప్పలు కొన్నాళ్ళకే రాలిపోయాయి. అక్క పొద్దున్నే వంగి చూసి తాళ్ళు మళ్ళీ నీళ్ళలోకి వదిలేసేది, ఆయన కంట పడకుండా. బకెట్లో వెయ్యడానికి మాత్రం గుప్పెడు చిప్పలు విడిగా దాచుకుంది.

ఆ మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. మబ్బు పట్టి చల్లగా ఉంది. అక్క పళ్ళేలు సర్దుతోంది. బకెట్ మధ్యలో ఉంది. పాయలోంచి పడవ మీద పోతున్న ఒకాయన మా తెప్పని చూసి, "ఏం ఎర్రచేతులూ, తెప్పకి కూడా వేశావా?" అని పలకరించాడు. బావకి ఇంకేం కావాలి! బోర్లా పడుకుని, చెయ్యి నీళ్ళలోకి పెట్టి, పీపా అడుగు తడిమాడు.

"గాజులా ఉంది!" అని కేకేశాడు. "వేసి ఇన్నాళ్ళయింది. నువ్వు కావాలంటే దిగి వెతుక్కో, ఒక్క గుల్ల కూడా..."

ఆగిపోయాడు.

ఆ పడవాయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. బావ చెయ్యి ఇంకా నీళ్ళలోనే ఉంది. పీపా పక్కనే ఆయన కట్టిన కొత్త తాడు వేలాడుతోంది. దాన్ని పట్టుకుని మెల్లగా పైకి లాగాడు. ఖాళీ. పక్కది లాగాడు. ఖాళీ. లేచి కూర్చున్నాడు. ర్యాంపు వంక చూశాడు, ఎర్రటి సిమెంటు వంక. తర్వాత బకెట్ వంక తిరిగాడు. పువ్వు తెల్లగా, స్పష్టంగా కనపడుతోంది. చిప్పలన్నీ మూసుకుని ఉన్నాయి.

వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పగా లేదే" అన్నాడు.

అక్క పళ్ళెం ఆయన ముందుకి జరిపింది.

"ఎన్నాళ్ళయిందే, నీకు తెలిసి?"

"అన్నం చల్లారిపోతోంది" అంది అక్క. "తినవయ్యా. నీకు దణ్ణం పెడతా, తిను."

ఆయన తన చేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. పళ్ళెం పక్కకి జరిపి లేచి వెళ్ళిపోయాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా మా బావ పట్టుకున్నాడు. పీపాలన్నీ విప్పి దూరంగా పారేశాడు. ర్యాంపు కింద బురద తవ్విపోస్తానన్నాడు. ఆ ఆఫీసమ్మాయి పరుగున వచ్చి, "వద్దు బాబాయ్, కదిపితే అడుగున ఉన్నదంతా పైకి లేస్తుంది. ముట్టుకోకుండా వదిలెయ్యడమే మందు" అంది. ఏదో ఒకటి చెయ్యకపోతే ఉండలేని మనిషికి ఏమీ చెయ్యొద్దని చెప్పడం ఎంత శిక్షో! అవతలి ఒడ్డున యార్డుకి పోయాడు. రంగు ముట్టలేదు, చెక్కలు మోసేవాడు. చీకటితో పోవడం, చీకటి పడ్డాక రావడం. సెలవు రోజున కూడా పెరటి వైపు తలుపు తీసేవాడు కాదు.

అక్క ఎంత బతిమాలిందో! "తోట పోతే పోయింది, నాకు నువ్వు కావాలయ్యా. ఒక్క పూట వచ్చి కూర్చో" అనేది. "ఆ నీళ్ళ పక్కన నాకు ముద్ద దిగదే" అనేవాడు. తొడ చరిచి డప్పాలు కొట్టిన మనిషి! నేను ఎంత గిల్లినా నవ్వేవాడు కాదు. దేని కోసమైతే మా అక్క తోటని వదులుకుందో అదే పోయింది. తోటా పోయింది.

ఎప్పటి నుంచో ఉన్న దగ్గు ముదిరింది. ఒకరోజు యార్డులో మధ్యాహ్నం గోడకి ఆనుకుని కూర్చుని అలాగే ఒరిగిపోయాడు. క్యారేజీ ఇంటికి తెచ్చిచ్చారు. మూత కూడా తియ్యలేదు. చూడ్డానికి వచ్చిన పడవల వాళ్ళు, "ఆయన రంగు వేస్తే ఒక్క గుల్ల అంటేది కాదమ్మా" అని మా అక్క ఎదురుగా మెచ్చుకున్నారు. వాళ్ళకేం తెలుసు. అక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ర్యాంపు మీద ఇప్పుడు గడ్డి మొలిచింది. ఈ మధ్య ఆ ఆఫీసమ్మాయి వచ్చి బురద చూసి, ఒక్క తాడు కట్టి చూడండమ్మా అంది. అక్క వద్దంది. నేనే పోరుపెట్టి కట్టించాను. నిన్న మధ్యాహ్నం ఆ తాడు మీంచి గుప్పెడు చిప్పలు తీసి, బకెట్ పాయలోనే ముంచి నేనే నింపాను. చెయ్యి కూడా కనపడనంత మడ్డి. ఇద్దరం చెరోపక్కా కూర్చున్నాం. చాలాసేపు ఏమీ లేదు. నేను విసుక్కుని లేవబోతుంటే ఒక చిప్ప సన్నగా నోరు తెరిచింది, దాని పక్కది తెరిచింది. నీళ్ళు మెల్లగా తేరుకున్నాయి. ముందు ఒక రేక కనపడింది.

వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది.

"అక్కా, పూసిందే" అన్నాను.

అక్క వంగి చూసింది. ఆ ఉల్లిపాయ లాంటి పువ్వు వంక చాలాసేపు చూసింది.

"ఇప్పుడా" అంది.

పళ్ళెం తీసి నాకు వడ్డించింది. తను తినలేదు.